చుక్కకోడి మింగిన గోళీలు

మధ్యాహ్నం అన్నం గంట కొట్టేసరికి హెప్సిబా మడమలో సలుపు ఎక్కువైంది. ఐదో తరగతి పిల్లలంతా పళ్ళేలు పట్టుకొని వరండాలోకి పరుగెత్తారు. హెప్సిబా మాత్రం గోడ పట్టుకొని కుంటుకుంటూ వెళ్ళింది.

నయమైందనుకున్న కాలే అది. చేలో పత్తిమోడు గుచ్చుకొని చీము పట్టింది. డాక్టర్ ప్రమీలారాణి చీము తీసి, కట్టు కట్టి, ఏడు రోజులకు గోళీలు ఇచ్చింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మూడు రోజులకే వాపు దిగింది. నాలుగోనాడు హెప్సిబా తొక్కుడుబిళ్ళ కూడా ఆడింది.

సరిగ్గా ఆనాడే చుక్కకోడికి జబ్బు చేసింది. రెక్కలు వేలాడేసి మూలన కూర్చుంది. గింజ ముట్టలేదు. దాని కింద పెట్టిన పదకొండు గుడ్లూ చల్లారిపోతున్నాయి. అది హెప్సిబా సొంత కోడి మరి. కోళ్ళకు తెగులొస్తే నాయనమ్మ గోళీ నలిపి, ఆ పొడి నీళ్ళలో కలిపి తాగించేది. హెప్సిబా చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. తన కాలు ఎలాగూ నయమైంది, కోడేమో చచ్చేట్టుంది. ఇంకేం ఆలోచన?

అమ్మ ఇచ్చిన గోళీని నాలుక కింద దాచేది. నీళ్ళు గుటగుటా తాగేది. అమ్మ అటు తిరగగానే తీసి కాంపాస్ డబ్బాలో పెట్టేది. ఆ తడి గోళీ స్కేలుకు అతుక్కుపోయేది. అలా ఎనిమిది గోళీలు కోడి కడుపులోకి పోయాయి. అయినా కోడి బతకలేదు.

ఇప్పుడు కాలు మునుపటికంటే లావుగా వాచింది. బడి నుంచి వచ్చిన పిల్లను చూసి అమ్మ సంపూర్ణ ఆటో ఎక్కించి దవాఖానాకు తీసుకుపోయింది.

"గోళీలన్నీ వేసుకున్నదా?" డాక్టరమ్మ అడిగింది.

"నా చేతులతోనే ఇచ్చిన మేడమ్. ఒక్కటి గూడ తప్పలే," అంది సంపూర్ణ.

డాక్టరమ్మ ముఖం ముడుచుకుంది. "అయితే ఈ మందు పనిచేస్తలేదు. ఖమ్మంల అడ్మిట్ చేసి పెద్ద సూదులు ఇయ్యాలె." కాగితం తీసి రాయడం మొదలుపెట్టింది.

హెప్సిబాకు సూదులంటే భయమే. కానీ అమ్మ ముఖం చూస్తే ఇంకా భయమేసింది. తన చేతులతో ఇచ్చానని అమ్మ ఎంత నమ్మకంగా చెప్పింది.

"నేను మింగలే," అంది నేల చూపులు చూస్తూ. "కోడికి పెట్టిన."

డాక్టరమ్మ పెన్ను ఆగిపోయింది. సంపూర్ణ చప్పున కూతురి వైపు తిరిగింది.

"ఎన్ని పెట్టినవ్?" డాక్టరమ్మ అడిగింది.

"ఎనిమిది."

డాక్టరమ్మ ఆ కాగితాన్ని చింపేసింది. "చెప్పి మంచిపని చేసినవ్. లేకుంటే అక్కర లేని పెద్ద మందు రాసేదాన్ని. మందు సగంల ఆపితే పుండుల కంటికి కానరాని గట్టి పురుగులు మిగుల్తయ్. వాటికి మందు అలవాటైతదనుకో, రేపు నీకే గాదు, ఊర్ల ఎవ్వరికీ పనిచేయదు. నీ కోడిది వేరే రోగం. దానికి ఈ గోళీలు పనికిరావు. ముందే టీకా ఏపియ్యాలె."

తర్వాత కాగితం ముక్కలు బుట్టలో వేసి, "ఏడు రోజులు ఎందుకో నేను గూడ చెప్పలే. అది నా తప్పు," అంది.

చీము మళ్ళీ తీసి, కొంచెం పరీక్షకు పంపింది. అదే మందు పనిచేస్తుందని తేలింది. మళ్ళీ ఏడు రోజులు, మొదటి నుంచి.

ఐదోనాటికి వాపు పూర్తిగా పోయింది. ఆ పొద్దున నాయనమ్మ బూడిదరంగు పెట్టను చంకలో పెట్టుకొని వచ్చింది. దాని మెడ వాలిపోయి ఉంది.

"నీ కాలు మంచిగైంది గదనే. ఒక్క గోళీ ఇయ్యి బిడ్డా."

హెప్సిబా పెట్ట తల నిమిరింది. చుక్కకోడి గుర్తొచ్చి ఏడుపొచ్చినంత పనైంది.

"దీన్ని వేరే గంప కింద పెట్టు నాయనమ్మా. ఇయ్యాలనే ఏన్కూరు పశువుల డాక్టరుకు చూపిద్దాం. మిగిలిన కోళ్ళకు టీకా గూడ అడుగుదాం," అంది.

తర్వాత గోళీ నోట్లో వేసుకొని గ్లాసెడు నీళ్ళు తాగింది. నేరుగా అమ్మ దగ్గరికి వెళ్ళి, నోరు బార్లా తెరిచి, నాలుక పైకెత్తి చూపించింది.