తాళం పడిన వీధి

విఘ్నాలను హరించే గణనాథా! ఆపదలో మా అడుగు తడబడనీయకు. ఈ కథకు నీవే ముందు నడువు.

కారు దూసుకుపోతోంది!

టైలర్ చెయ్యి హారన్ మీద నుంచి లేవడం లేదు. చీకటి పడింది. కరెంటు లేదు. వీధంతా మసి పూసినట్టుంది.

వెనక సీటులో భార్య. ఆమె ఒడిలో కూతురు. కందిరీగ కుట్టింది. గొంతు వాచిపోతోంది.

"ఏమండీ... ఊపిరి అందడం లేదు దీనికి! తొందరగా!"

"మెయిన్ రోడ్డు ఎక్కితే ఆసుపత్రి ఎంతసేపు! అమ్మడూ, నాన్నని చూడమ్మా!"

అమ్మడు చూడటం లేదు.

కారు అతనిది కాదు. ఎదురింటి మందుల షాపాయనది. పిలిస్తే పలకలేదు. గుమ్మంలో కారు తాళంచెవి కనబడింది. తీసుకున్నాడు.

అంతలో వెనక నుంచి విజిల్!

"దొంగ! నా కారు!"

షాపాయన గొంతు! విజిల్‌కి విజిల్ తోడవుతోంది. మేడమేడకీ పాకుతోంది.

టైలర్ కారు వేగం పెంచుతాడు. కాలనీ గస్తీ కమిటీకి పెద్ద అతడే! విజిల్ మోగితే ముందు గేటు మూయాలి, తర్వాతే అడగాలి. దొంగ బెదిరించి లాక్కోకుండా గేటు తాళంచెవి పోలీస్ స్టేషన్‌లోనే ఉండాలి. ఈ రూల్స్ పట్టుబట్టి పెట్టించింది అతడే!

వెనక కాలువ. దారి ఇదొక్కటే.

"మూయకండి! ఒరేయ్, మూయకండి!"

ఎవరికి వినబడుతుంది!

హెడ్‌లైట్ల వెలుగులో ఇనుప గేటు కదులుతుంది. గొలుసు బిగుస్తుంది. తాళం టక్కున పడుతుంది.

బ్రేక్!

"దిగరా!" గేటు దగ్గర గస్తీలో ఉన్న పాలాయన కర్ర ఎత్తుతాడు. "మా వీధిలోనే చేతివాటమా?"

"నేను బావా!"

కర్ర గాలిలోనే ఆగుతుంది.

"నువ్వా! మళ్ళీ పరీక్షా? ఈసారి పాసయ్యామా?"

"పరీక్ష కాదు! పిల్ల చచ్చిపోతోంది!"

"మొన్నా ఇదే అన్నావు, కార్లో పేషెంటు ఉందని. పాపమని గేటు తీస్తే, దొంగ మాట నమ్ముతావా అని అందరి ముందూ కడిగేశావు. ఇంక నమ్మను బావా!"

కారు తలుపు తెరుచుకుంటుంది. భార్య. ఆమె చేతుల్లో వేలాడుతున్న అమ్మడు. పెదవులు నీలంగా...

పాలాయన చేతిలోని కర్ర జారిపోతుంది.

"తాళంచెవి! స్టేషన్‌కి ఫోన్ చెయ్యండ్రా!"

"పిల్లని గేటు మీద నుంచి అందించండి!" భార్య అరుస్తుంది.

పైన ఈటెల్లాంటి ఊచలు. అవతల బండి లేదు. మనిషి లేడు.

టైలర్ గేటును పట్టుకుని ఊపుతున్నాడు. పిచ్చివాడిలా!

అవతల బూట్ల చప్పుడు. మెయిన్ రోడ్డు సిగ్నల్ దగ్గర డ్యూటీలో ఉన్న ఇన్‌స్పెక్టరు, విజిళ్ళు విని పరుగున వచ్చాడు. చేతిలో గన్!

"చేతులెత్తు! కదిలితే కాలుస్తా!"

"కాల్చండి సార్! గేటు తెరిచి కాల్చండి!"

టార్చి వెలుగు అతని మొహం మీద... అక్కడి నుంచి పిల్ల మీద...

"ఏమండీ!" భార్య గొంతు చీలిపోతుంది. "చప్పుడు లేదండీ... ఊపిరి చప్పుడు లేదు!"

"వెనక్కి!" ఇన్‌స్పెక్టరు గర్జిస్తాడు.

గన్ పైకి లేస్తుంది. టైలర్ కళ్ళు మూసుకుంటాడు.

ఢాం!

అతడు పడలేదు.

తాళం పడింది! గొలుసు జరజరా జారిపోయింది.

"ఎక్కండి! సిగ్నళ్ళ దగ్గర బళ్ళన్నీ ఆపిస్తాను!"

పదిమంది చేతులు గేటును లాగేస్తున్నాయి. ఇంజన్ గర్జిస్తోంది. భార్య అమ్మడి ముక్కు దగ్గర వేళ్ళు పెట్టి చూస్తోంది.

"ఉందండీ... సన్నగా ఉంది... పోనివ్వండి!"

ఈ కథ విన్న ప్రతి ఇంటా పిల్లలు నిండు నూరేళ్ళు వర్ధిల్లుదురుగాక!