మూతపడ్డ షెడ్డులో మగ్గం చప్పుడు

మూతపడ్డ బట్టల మిల్లు ఉంది చూశారూ, దాని వెనక షెడ్డు వైపు చీకటి పడ్డాక ఎవరూ వెళ్లరు. తాళం వేసిన షెడ్డులో రాత్రిపూట మగ్గం ఆడుతుందట. ఆ మగ్గం దగ్గరే గుండె ఆగిపోయిన ఒకావిడ తెల్లవార్లూ తెల్లగుడ్డ నేస్తుందట. ఆ గుడ్డ ఎవరి కంటపడితే వాళ్ల మీద కప్పడానికేనట! బతికున్నవాళ్లని వీధిలోకి నెట్టిన మిల్లు చచ్చిపోయినావిడకి మాత్రం రాత్రి డ్యూటీ ఎందుకిచ్చిందని ఒక్కరూ అడగలేదు.

చిన్నకోడలు కూడా అడగలేదు. ఆమెకి దెయ్యాల సంగతి పట్టించుకునే తీరిక లేదు. ఆమె బాధ వేరు... నిద్ర.

తను పనిచేసే మిల్లు మూసేసినప్పటి నుంచి కన్ను మూతపడటం లేదు. వేడిపాలు తాగింది. అరికాళ్లకి నూనె రాసుకుంది. వంద నుంచి వెనక్కి లెక్కపెట్టింది. సున్నా వచ్చింది గానీ నిద్ర రాలేదు. తలగడ తీసుకెళ్లి కాళ్లవైపు పెట్టుకుంది. "ఏమీ ఆలోచించకుండా పడుకోవే" అని సలహా ఇచ్చిన మొగుడు, ఆ మాట పూర్తి కాకుండానే గురకలోకి జారుకున్నాడు. ఆలోచించకపోవడం ఆయనకి పుట్టుకతో వచ్చిన విద్య మరి.

కొత్తగా చేరిన కుట్టుపనిలో మొన్న కునికి, సూది వేల్లోకి దింపుకుంది. "ఇంకోసారి ఇలా జరిగిందా, ఇంటి దగ్గర కూచుని కునుకుదువుగాని" అన్నాడు మేస్త్రీ. ఇల్లు గడిచేది ఆ కుట్టుతోనే.

అదైనా భరించొచ్చు. భరించలేనిది తోడికోడలి మొహం!

పెద్దకోడలూ ఆ షెడ్డులోనే పనిచేసింది. ఆవిడ పనీ ఆ రోజే పోయింది. అయినా పొద్దున్నే కడిగిన ముత్యంలా ఎదురొస్తుంది. కళ్లకింద నలుపు లేదు, నోట్లో ఆవులింత లేదు. పైగా "ఏమే, రాత్రి కూడా పట్టలేదా?" అని జాలిగా ఓ పలకరింపు. ఆ జాలికి చిన్నకోడలి ఒళ్లు భగ్గుమనేది. ఆవిడ చీరలు చూసి, నగలు చూసి ఏనాడూ కుళ్లుకోని మనిషి, ఆవిడ నిద్ర చూసి కుళ్లి చస్తోంది.

ఒక రాత్రి కిటికీ దగ్గర నిలబడి ఉంటే — పక్కవాటా తలుపు మెల్లిగా తెరుచుకుంది. పెద్దకోడలు... చంకలో దుప్పటి చుట్ట, చేతిలో చెప్పులు. బావగారు లారీ మీద వెళ్లి వారమైంది.

ఎక్కడికి? ఎవరి దగ్గరికి?

ఎవరి దగ్గరికైతే నాకేం, అనుకుంది చిన్నకోడలు. నాకు దక్కని నిద్ర దీనికి అక్కడ దొరుకుతోంది... అదెక్కడో నేను చూడాలి. కొంగు బిగించి వెనకాలే నడిచింది.

వీధి దాటింది. మిల్లు గోడ వచ్చింది. పెద్దకోడలు వెనక గేటు సందులోంచి లోపలికి జారిపోయింది.

చిన్నకోడలి కాళ్లు అక్కడే ఆగిపోయాయి. లోపలినుంచి —

టకటక... టకటక... టకటక...

ఒళ్లంతా చెమట. వెనక్కి తిరగాలి. కానీ తిరిగెళ్తే ఏముంది? అదే మంచం, అదే పైకప్పు. అసూయ భయం కంటే మొండిది. ఆమెని గేటు సందులోంచి దూర్చింది, షెడ్డు తలుపు దాకా ఈడ్చుకెళ్లింది.

తాళం తీసి ఉన్న తలుపు తోసుకుని అడుగుపెడితే, లోపల గుడ్డి దీపం. దాని కింద ఒక్క మగ్గం ఆడుతోంది. ముందు మనిషి లేదు. పోగు లేదు. పోగు మోయాల్సిన నాడె ఒక్కటే ఖాళీగా అటూ ఇటూ పరుగెడుతోంది...

ఆ మగ్గం చుట్టూ, నేల మీద — వరసగా, తల నుంచి కాళ్ల దాకా తెల్లగుడ్డలు కప్పిన శవాలు!

నోరు తెరిచింది. అరుపు రాలేదు. అప్పుడే ఒక గుడ్డ కిందనుంచి చెయ్యి బయటికొచ్చి ఆమె చీలమండ పట్టుకుంది.

"అరవకే... అందరూ లేస్తారు."

పెద్దకోడలు!

"వీళ్లు... వీళ్లంతా..."

"మన షిఫ్టు వాళ్లే. కొనేవాళ్లు వచ్చేసరికి తుప్పుపట్టకుండా ఉండాలని వాచ్‌మన్ రాత్రిళ్లు ఒక్కో మగ్గం ఆడిస్తాడు. ఈ మోతలోనే కదే బతికింది మనం? ఇంట్లో ఆ నిశ్శబ్దానికి నిద్రెలా పడుతుంది?"

"మరి దెయ్యం?"

"నేనే పుట్టించా. జనం గుమిగూడితే ఓనరు చెవిన పడదూ?"

చిన్నకోడలు ఆ వరసంతా చూసింది.

"అందరికీ చెప్పావు. నాకే చెప్పలేదు."

పెద్దకోడలు గుడ్డ తొలగించి లేచి కూచుంది.

"మిల్లు నడిచినన్నాళ్లూ అన్నం తిని నూలు మూట మీద వాలేదానివి. వాలగానే గురక. నేను పక్కన కూచుని చూసేదాన్ని. ఏళ్ల తరబడి చూశానే! నాకప్పుడూ సరిగా నిద్ర లేదు. ఇక్కడ పడుకున్నాకే దాని రుచి తెలిసింది. పొద్దున్నే నీ కళ్లు అలా గుంటలు పడి కనిపిస్తే... నాకున్నది నీకు లేకపోతే... బాగుందే. చెడ్డగా బాగుంది."

చెంప పగలగొడదామని చిన్నకోడలు చెయ్యెత్తింది. "జరుగు" అని మాత్రం అంది. సందు చేసుకుని పక్కనే ఒరిగింది. తిట్టాల్సినవి పేర్చుకుంటోంది, ముందు ఏది అనాలో ఎంచుకుంటోంది... రెండోది అందేలోపే నిద్రపోయింది.

ఆ తర్వాతది ఆమెకి ఆ షిఫ్టు వాళ్లూ వాచ్‌మనూ చెబితేనే తెలిసింది.

కరెంటు పోయింది. మగ్గం ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి ఒక్కొక్కరే ఉలిక్కిపడి లేచారు. తిట్టుకుంటూ దుప్పట్లు చుట్టుకున్నారు. లేవనిది ఒక్క చిన్నకోడలే.

"నువ్వు రావా అక్కా?" అని పెద్దకోడల్ని అడిగారట.

ఆవిడ కప్పురేకుల సందులోంచి పడిన వెన్నెల్లో, మోకాళ్లు కావలించుకుని, నిద్రపోతున్న ఆ మొహాన్నే చూస్తూ కూర్చుందట... తెల్లారేదాకా... రెప్ప వెయ్యకుండా.