మూడో బస్సు వెళ్ళిపోయాక

అక్క కాఫీని పింగాణీ కప్పులో పోసి, కింద సాసరు పెట్టి మరీ ఇచ్చేసరికి రాజేశ్వరి మనసు చివుక్కుమంది. బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ చేతి కాఫీ తాగుతోంది గానీ పద్మావతి ఏనాడూ తనకు సాసరు పెట్టలేదు. సాసరు చుట్టాలకు పెడతారు. లండన్ నుంచి వచ్చి నాలుగు రోజులైంది. ఈ నాలుగు రోజుల్లో మర్యాదకు ఏ లోటూ లేదు, మర్యాద తప్ప మరేమీ కూడా లేదు.

పెళ్ళి చేసుకుని డాక్టరు మొగుడితో లండన్ వెళ్ళిన రాజేశ్వరి నాలుగేళ్ళుగా అక్కడి టెలివిజన్‌కు నాటకాలు రాస్తోంది. హైదరాబాదులో అప్పటికింకా టెలివిజన్ అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. రేడియో నాటకానికి బొమ్మలు తగిలిస్తే ఎలా ఉంటుందో అదేనని బావగారు పట్టాభిరామయ్య మూసాపేటలో కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. ఆయన సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో స్టెనోగ్రాఫరు. బాపట్ల నుంచి వచ్చి కిష్టమ్మ ఇంట్లో రెండు గదుల వాటాలో కిరాయికుంటున్నారు. పిల్లలు లేరు. పద్మావతికి చెల్లెలే బిడ్డ, చెల్లెలికి రాసే నీలం ఉత్తరమే కాలక్షేపం. వారం తిరిగేసరికి ఒకటి వెళ్ళాల్సిందే.

అలాంటిది ఎనిమిది నెలలుగా ఒక్క ముక్క రాయలేదు. అక్కకు ఏమైందోనన్న దిగులుతో బయల్దేరానని రాజేశ్వరి తనకు తానే చెప్పుకుంది. కానీ ఆరు భాగాల కొత్త నాటకానికి సంతకం పెట్టి మూడు నెలలైనా ఒక్క పేజీ ముందుకు కదలలేదన్నది కూడా నిజం. సగం అక్క కోసం వచ్చింది, సగం అక్క ఉత్తరాల్లో దొరికే కథల కోసం వచ్చింది.

మధ్యాహ్నం పన్నెండున్నరకు సైకిలు గంట మోగింది. చెమటలు కక్కుకుంటూ పట్టాభిరామయ్య వచ్చాడు. కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. పద్మావతి వడ్డించింది, ఆయన తిన్నాడు. ఉప్పు తక్కువైందనలేదు, బాగుందనలేదు. ఇరవై నిమిషాల్లో మళ్ళీ సైకిలెక్కాడు. వంటింటి అరమీద టిఫిన్ క్యారియరు దుమ్ము పట్టి బోర్లించి ఉంది. ఒకప్పుడు పొద్దున్నే దాన్ని సైకిలుకు తగిలించుకుని వెళ్ళేవాడని అక్క ఉత్తరాల్లో రాజేశ్వరి చదివింది. మండువేసవిలో ఆ ఎండన పడి రావలసిన అవసరమేమిటో ఆమెకు అర్థం కాలేదు.

ఆ సంగతి కిష్టమ్మ చెప్పింది. ఖాజాగూడ నుంచి తమ్ముడు తెచ్చిన తాటి ముంజలు ఇవ్వడానికి అరుగు మీదికి వచ్చి కూర్చుంది.

"నీకెర్క లేదా బిడ్డా? నువ్వు పంపిన క్యాసెట్ ఇన్న కాడికెల్లి మీ బావ గిట్లనే వస్తుండు. ఒక్క దినం గుడ తప్పలె."

రాజేశ్వరి చేతిలోని ముంజ చేతిలోనే ఉండిపోయింది. ఆ క్యాసెట్టు తను పంపిందే. తన కిందటి నాటకం ప్రసారమైన రోజున టెలివిజన్ ముందు రికార్డరు పెట్టి, మాటలన్నీ పట్టి, గొప్పగా పార్సెలు చేసింది. అక్కకు ఇంగ్లీషు రాదు. బావగారు విని, మా మరదలు గొప్పదని నలుగురికీ చెప్పుకుంటారనుకుంది. ఆయన స్టెనోగ్రాఫరన్న సంగతి మాత్రం తట్టలేదు. విన్న ప్రతి మాటనూ పొల్లుపోకుండా దింపడమే ఆయన ఉద్యోగం.

క్యాసెట్టు అందిన సాయంత్రం ఆయన అరుగు మీద వీధివాళ్ళందరినీ కూర్చోబెట్టి, ఒక్కో వాక్యానికీ రికార్డరు ఆపుతూ తెలుగులో చెప్పాడట. ఒక ఇల్లాలు. మొగుడు చుట్టాల ముందు, 'నాకెవరున్నారు, ఇంట్లో నేనొక్కణ్ణే' అంటాడు. పక్కనే మంచినీళ్ళు పట్టుకుని నిలబడ్డ ఆమె ఆ మాట వింటుంది. మర్నాడు చీరలు మూట కట్టుకుని బస్‌స్టాపుకు వెళుతుంది. అక్కడికొచ్చేసరికి పట్టాభిరామయ్య రికార్డరు ఆపి చాలాసేపు మళ్ళీ నొక్కలేదు. 'ఇగ ఏమాయె, చెప్పు సారూ' అని కిష్టమ్మే అడిగింది. ఆయన నొక్కాడు. ఒక బస్సు వెళ్ళింది, రెండోది వెళ్ళింది, మూడోదీ వెళ్ళింది. ఆమె ఇంటికి తిరిగి వచ్చింది. ఎందుకొచ్చావని పక్కింటావిడ అడిగితే, 'వెళ్ళడానికి చోటు లేక' అంది. ఆ మాట కూడా ఆయన శుభ్రంగా తెలుగులో చెప్పి, రికార్డరును డబ్బాలో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడట.

"పద్మమ్మ గోడకు ఆనుకొని గట్లనే నిలవడ్డది. ఆ దినం కెల్లి ఇద్దరి నడుమ మాటల్లేవు," అని కిష్టమ్మ లేచి వెళ్ళింది.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఇక్కడ కడుపు అక్కది, ఆమె ఉత్తరంలో రాసుకున్నదాన్ని నాటకం చేసి చించింది చెల్లెలు. అది తెలిసి కూడా రాజేశ్వరి చెయ్యి అలవాటుగా సంచిలోకి వెళ్ళి నోటుపుస్తకం తీసింది. మధ్యాహ్నం, సైకిలు గంట, దుమ్ము పట్టిన క్యారియరు అని రాస్తూ తలెత్తింది. గుమ్మంలో పద్మావతి నిలబడి ఉంది.

"రాసుకో. ఇవాళ దోసకాయ పప్పుతో తిన్నారు. అది కూడా రాసుకో."

రాజేశ్వరి పుస్తకం మూసేసింది. అంత దూరాన ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నానని, పేర్లు కూడా మార్చానని ఏదో గొణిగింది. చెబుతుంటే ఆ మాటలు తనకే అసహ్యంగా వినిపించాయి.

"నేను మా చెల్లెలికి రాసుకున్నానే, ఊరికి కాదు," అంది పద్మావతి. "ఆయన ఒక్క మాట అడిగుంటే పోట్లాడుకునేవాళ్ళం. అడగరు. రోజూ వస్తారు, నేనున్నానో లేదో చూసుకుంటారు, తింటారు, వెళతారు. వడ్డిస్తుంటే నేను ఈ ఇంట్లో దొంగనేమో అనిపిస్తోంది."

"చోటు లేక తిరిగి రాలేదని నువ్వైనా చెప్పొచ్చుగా అక్కా."

"ఎలా చెప్పను? ఆయనన్న మాట నిజం, మూట నిజం, మూడు బస్సులూ నిజం. ఆ చివరి మాట ఒక్కటే అబద్ధమంటే ఎవరైనా నమ్ముతారా?"

రాజేశ్వరి లేచి పెట్టె తెరిచింది. అక్క ఉత్తరాలన్నీ అడుగున కట్టగా ఉన్నాయి. కొత్త నాటకానికి పనికొస్తాయని తెచ్చుకున్నవే. వెతికి రెండేళ్ళ కిందటి నీలం ఉత్తరం తీసింది. అందులో పద్మావతి అక్షరాల్లో ఇలా ఉంది: 'మూడో బస్సు ఎక్కుదామని డబ్బుల సంచి కోసం మూటలో చెయ్యి పెడితే మీ బావ కళ్ళజోడు తగిలింది. కాడ విరిగితే అతికించమని పొద్దున్నే నా చేతిలో పెట్టి, సైకిలు వదిలి నడిచి వెళ్ళారు. అది లేకుండా రేపు ఈ లారీల మధ్య సైకిలెలా తొక్కుతారు? నా కోపం సంగతి తర్వాత చూసుకుందాంలే అని వచ్చేశాను.'

నాటకం తీసినాయన ఆ ముక్క ఒప్పుకోలేదు. ఏడవాల్సిన చోట కళ్ళజోడంటే జనం నవ్వుతారన్నాడు. రాజేశ్వరి కొట్టేసి ఇంకో మాట రాసింది. ఆయన మెచ్చుకున్నాడు, పత్రికలవాళ్ళూ మెచ్చుకున్నారు.

పద్మావతి తన ఉత్తరాన్ని తనే రెండుసార్లు చదువుకుంది.

"మరి ఆ చోటు లేదన్న మాట ఎక్కడిదే?"

రాజేశ్వరి మిగతా ఉత్తరాలను పెట్టె అడుగున సర్దింది.

"నాది," అంది. "ఒకసారి మా ఆయన్ని వదిలి వెళ్ళి, ఉండడానికి చోటు లేక తిరిగొచ్చాను. రెండోసారి వెళ్ళాక మళ్ళీ ఆ గడప తొక్కలేదు. రెండేళ్ళయింది. ఒక్క గదిలో ఉంటున్నాను అక్కా."

ఈ రెండేళ్ళూ ఉత్తరాల కింద 'మేమిద్దరం క్షేమం' అని రాసిన చెల్లెలిని పద్మావతి కొత్తగా చూసినట్టు చూసింది. మొహంలో కోపం పోలేదు. కోపంతోనే వచ్చి పక్కన కూర్చుంది.

"మా ఇంట్లో చింతపండు ఎంతకు కొన్నామో కూడా నీకు తెలుసు. నీకు ఇల్లు ఉందో లేదో నాకు తెలియదు," అంది. అని, చెల్లెలి తలను ఒళ్ళోకి లాక్కుంది. ఇద్దరూ ఏడ్చారు. ఎవరి కోసం ఎవరు ఏడుస్తున్నారో వాళ్ళకే తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం సైకిలు గంట మోగేలోపు రాజేశ్వరి ఆ ఉత్తరాన్ని అక్క చేతిలో పెట్టింది. ఇది నీది, చూపించడం మానడం నీ ఇష్టం, నేను నోరు విప్పను అంది. పద్మావతి కంచం పక్కన ఉత్తరం పెట్టి అన్నం వడ్డించింది.

పట్టాభిరామయ్య ముందు పోస్టు ముద్ర మీది తేదీ చూశాడు. తర్వాత చదివాడు. చివరికొచ్చి మళ్ళీ మొదటికి వెళ్ళాడు. కళ్ళజోడు తీసి అతికించిన కాడను వేలితో తడుముతూ ఉండిపోయాడు. అన్నం చల్లారిపోయింది.

"ఆ రోజు బాపట్ల చుట్టాల ముందు ఆ మాట..." అని ఆగిపోయాడు. ఇంకొకరి మాటలైతే నిమిషానికి నూరు దింపగలిగినవాడికి సొంత మాట ఒక్కటి రాలేదు.

"తినండి," అంది పద్మావతి.

ఆయన తిన్నాడు. మజ్జిగ అడిగి పోయించుకున్నాడు. చెయ్యి కడుక్కుని, సైకిలు స్టాండు తీసి, గుమ్మం వైపు తిరక్కుండానే అన్నాడు.

"పద్మా, రేపటి నుంచి క్యారియరు కట్టెయ్యి."

ఆయన మలుపు తిరిగేదాకా పద్మావతి గుమ్మంలోనే నిలబడింది. తర్వాత చింతపండుతో క్యారియరు తోమడానికి కూర్చుంది. ఎనిమిది నెలల మకిలి తోముతూ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, చాలాసేపు కూర్చుంది.

తెల్లవారి పట్టాభిరామయ్య క్యారియరు తగిలించుకుని వెళ్ళాక, పద్మావతి పొగలు కక్కే స్టీలు గ్లాసు తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టింది. సాసరు లేదు. చెయ్యి చురుక్కుమంటే రాజేశ్వరి కొంగుతో పట్టుకుంది. అక్క తన గ్లాసుతో ఎదురుగా చతికిలబడింది.

"ఇప్పుడు చెప్పు. ఆ గది ఎలా ఉంటుంది? కిటికీ ఉందా?"