నలభయ్యో లెవెల్ తోడేలు

"మీ తోడేలుకి సిగ్గుందా?"

కంప్యూటర్లో తల దూర్చి కూర్చున్న కుర్రాడు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. నడుం మీద చెయ్యి పెట్టుకుని ఒకమ్మాయి నిలబడి ఉంది. ఈమధ్యే టెస్టింగ్ టీంలో చేరింది. అప్పుడే ఆఫీసంతా కలిసి ఆమెకి ఉరుము అని పేరు పెట్టేసింది. ఎందుకు పెట్టిందో అతనికి ఇప్పుడు అర్థమైంది.

"ఏ తోడేలండీ?"

అది వీడియో గేములు తయారుచేసే ఆఫీసు. గేములో ఏ శత్రువుకి ఎంత బలం ఉండాలో, ఏ పెట్టె తెరిస్తే ఏం దొరకాలో తూచి పెట్టేది ఈ కుర్రాడే. అందుకని అతన్ని తక్కెడ అంటారు.

"మొదటి అడవిలో తోడేలు! ఆట మొదలెట్టగానే నన్ను కరిచి చంపింది. సరే, ఇంకా చిన్నదాన్ని కదా అని సర్దుకున్నాను. తర్వాత ఎడారి దాటాను, సముద్రం ఈదాను, డ్రాగన్ని చంపి దాని చర్మంతో కవచం కుట్టించుకున్నాను. నలభయ్యో లెవెల్‌కొచ్చాక పాత పగ తీర్చుకుందామని అదే అడవికెళ్ళాను."

"వెళ్తే?"

"అదీ నలభయ్యో లెవెల్లోనే ఉంది! నేనంటే చచ్చీచెడీ ఎక్కాను. పొద కింద పడుకుని అదెలా ఎక్కిందండీ?"

పక్క టేబుళ్ళ దగ్గర కిసుక్కుమన్నారు. తక్కెడ గొంతు సవరించుకున్నాడు.

"దాన్ని లెవెల్ స్కేలింగ్ అంటారండీ. మీరు ఎదిగితే మీతోపాటు శత్రువులూ ఎదుగుతారు. లేకపోతే ఆట చప్పబడిపోతుంది."

"మరి మొదటి ఊళ్ళో ముసలమ్మ ఇంట్లో ఎలుకలు? వాటిని కొట్టడానికి నాకు మంత్రాల కత్తి కావాల్సొచ్చింది. అలాంటి ఎలుకలతో అన్నేళ్ళు కాపురం చేసిన ముసలమ్మనే పంపండి లోకాన్ని కాపాడ్డానికి, మధ్యలో నేనెందుకు? ఇక గుహలో పెట్టె సంగతి. మొదట్లో తెరిస్తే తుప్పు చాకు, అన్నీ అయ్యాక తెరిస్తే బంగారు కత్తి. అంటే ముందొచ్చినవాడు వెర్రివాడా?"

తక్కెడ అప్పటికే వినడం మానేసి చూడ్డం మొదలుపెట్టాడు. కోపంలో ఆ కళ్ళు అంత అందంగా ఉంటే ఎవరికి మాత్రం ఎలుకలు గుర్తుంటాయి?

"కాఫీ తాగుతూ మాట్లాడుకుందామా?" అన్నాడు.

"నేను టీ తాగుతాను."

"నేనూ టీయేనండీ!" అన్నాడు, చేతిలో ఉన్న కాఫీ కప్పు వీపు వెనక దాచుకుంటూ.

కథంతా ఆ కప్పు దగ్గరే చెడింది. ఆమెకి భయంకరమైన సినిమాలు ఇష్టమంటే అతనికీ ఇష్టమే, కాకపోతే సగం సినిమా కళ్ళు మూసుకుని చూసేవాడు. ఒకరోజు వానలో ఇద్దరూ ఒకే గొడుగు కింద బస్సు కోసం నిలబడ్డారు. గొడుగు చిన్నది. అందుకు అతను ఆ గొడుగు చేసినవాడికి మనసులో దండం పెట్టుకున్నాడు.

"వానంటే ఇష్టమా నీకు?" అంది. 'మీరు' అప్పటికే 'నువ్వు' అయింది.

"ప్రాణం!" అని గట్టిగా తుమ్మాడు.

"మరి ఎండంటే?"

"అదీ ప్రాణమే."

ఆమె పగలబడి నవ్వింది. ఇంత మంచివాడు దొరకడం తన అదృష్టమనుకుంది. నాలుగు నెలలు తిరిగేసరికి, "ఆదివారం మా ఇంటికి రా. నాన్నకి చెప్పాను" అంది.

వాళ్ళ నాన్న టేబుల్ టెన్నిస్ కోచ్. ఆ ఇంట్లో వచ్చినవాళ్ళకి మంచినీళ్ళకంటే ముందు బ్యాట్ చేతికిస్తారు. మనిషిని టేబుల్ దగ్గర చూస్తేగానీ ఆయనకి నమ్మకం కుదరదు. తక్కెడ కాలేజీ రోజుల్లో కప్పులు గెలిచినవాడే. అయినా కోచ్‌గారి చేతిలో పదకొండు-తొమ్మిదితో ఓడిపోయాడు.

"బాగా ఆడావు బాబూ!" అని కోచ్‌గారు మురిసిపోయారు.

తర్వాత ఉరుము వాళ్ళమ్మ ఆడింది. ఆవిడ చేతిలోనూ పదకొండు-తొమ్మిదితో ఓడాడు. సరదాగా నానమ్మ లేచింది. గరిటె పట్టుకున్నట్టు బ్యాట్ పట్టుకుని నిలబడింది. ఆవిడ మీదా పదకొండు-తొమ్మిదే.

కోచ్‌గారి మొహంలో నవ్వు మాయమైంది.

"బాబూ, మా అమ్మకి మొన్ననే కంటి ఆపరేషనైంది. ఆవిడకి బంతి కనబడను కూడా కనబడదు."

"అవున్నాయనా, నేను బ్యాట్ ఊపింది ఒక్కసారే. అదీ దోమ వాలిందని" అంది నానమ్మ.

కోచ్‌గారు బ్యాట్ టేబుల్ మీద పెట్టేశారు.

"ఎవరెదురుగా నిలబడితే వాళ్ళంత అవుతున్నావు. మరి నువ్వెంత? అది తెలియకుండా పిల్లనెలా ఇమ్మంటావు?"

గేటు దాకా వచ్చాక ఉరుము ఉరిమింది.

"నన్ను కూడా స్కేలింగే చేశావా?"

"అది కాదు..."

"నీకు టీ ఇష్టమేనా?"

"...కాదు."

"దయ్యాల సినిమాలు?"

"సగమే చూశాను. మిగతాదంతా విన్నాను."

"నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా నన్ను కాదనలేదు నువ్వు. పోనీలే, మంచివాడనుకున్నాను. నేను ప్రేమించింది నిన్నా, అద్దాన్నా?"

"ఓడిపోయినవాళ్ళు ఆట వదిలేసి వెళ్ళిపోతారు. మా పనిలో మాకు ముందు నేర్పేది అదే" అన్నాడు తక్కెడ. "నువ్వు వెళ్ళిపోతావేమోనని భయమేసింది."

"ఇప్పుడు నిజంగానే వెళ్తున్నాను" అని గేటు వేసేసింది.

తర్వాత రోజులు అతనికి గడవడం కష్టమైంది. ఆమె ఎదురుపడితే పని గురించి తప్ప ఇంకో మాట లేదు. అందులోనూ 'అండీ' తిరిగొచ్చింది. ఆ 'అండీ' వింటుంటే ప్రాణం ఉసూరుమనేది. ఆమె లేకుండా ఉండలేనని అప్పుడు తెలిసింది. ఆమెతో ఉన్నది తను కాదనీ అప్పుడే తెలిసింది.

ముందు తోడేలు పని పట్టాడు. బాసుతో వాదించాడు. అడవి తోడేలుది ఎప్పటికీ మూడో లెవెలే అన్నాడు. కొండమీది రాక్షసుడిది మొదటినుంచీ యాభయ్యే, తెలియక ఎక్కినవాడు దిగి పారిపోవాల్సిందే అన్నాడు. గుహలో బంగారు కత్తి, ధైర్యం చేసి ముందుగా వెళ్ళినవాడికే దొరకాలన్నాడు. తక్కెడ ఒక పక్కకి మొగ్గడం బాసు అదే మొదటిసారి చూడ్డం. బిత్తరపోయి సరేనన్నాడు.

ఉరుము ఆడి చూసింది. తోడేలు ఒక్క దెబ్బకి పడింది. తక్కెడ టేబుల్ దగ్గరకొచ్చింది.

"తోడేలు బాగుపడిందండీ. తమరో?"

ఆ ఆదివారం పిలవకుండానే వాళ్ళింటికి వెళ్ళాడు. తలుపు తీసిన కోచ్‌గారితో, "అంకుల్, ఒక్క ఆట" అన్నాడు.

మొదటి సర్వీసుకే కోచ్‌గారు గోడకి అతుక్కుపోయారు. రెండోదానికి కళ్ళజోడు సర్దుకున్నారు. తక్కెడ జాలి చూపించలేదు. కాబోయే మామగారిని ఇలా చితక్కొడితే ఉన్నది కూడా పోతుందని లోపల గుండె గోల పెడుతోంది. అయినా కొట్టాడు. పదకొండు-రెండు.

వంటింటి గుమ్మంలోంచి ఉరుము చూస్తోంది.

కోచ్‌గారు చొక్కా చేత్తో చెమట తుడుచుకున్నారు. "ఆ రెండు పాయింట్లూ దానమా?"

"కాదంకుల్. అవి మీరు నిజంగానే గెలిచారు."

ఆయన మొహం వెలిగిపోయింది. "విన్నారా? నిజంగా గెలిచానట!" అని ఇంట్లోవాళ్ళకి వినబడేలా అరిచి, అతని భుజం మీద ఒక్కటి చరిచారు. "ఇప్పుడు తెలిసింది మా ఇంటికి ఎవరొచ్చారో. కూర్చో, మంచినీళ్ళు తెస్తాను."

ఆయన లోపలికి వెళ్ళగానే ఉరుము టేబుల్‌కి అవతలి పక్కన వచ్చి నిలబడింది. మధ్యలో వల ఉంది. నవ్వు ఆపుకుంటున్నా ఆగడం లేదు.

"నాన్న ఒప్పుకున్నట్టే. కానీ నాకింకా అనుమానమే. నిన్ను కొత్తగా తెలుసుకోవాలి. పెళ్ళి వచ్చే ఏడాది పెట్టుకుందాం, ఏమంటావు?"

'నీ ఇష్టం' అన్న మాట అలవాటు కొద్దీ నాలుక చివరిదాకా వచ్చింది. తక్కెడ దాన్ని మింగేశాడు.

"కుదరదు" అన్నాడు. "వచ్చే నెలే చేసుకుందాం. తెలుసుకోవడం తర్వాత."

అతని నోట ఆమె విన్న మొదటి 'కుదరదు' అది. ఆమె వల ఊడదీసి, టేబుల్ మీదుగా చెయ్యి చాచింది.