తీసేసిన చప్పుడు

“మా తాతను తీసేసిండ్రు మీరు.”

విద్యాధర్ చేతిలోని పని ఆపి తలెత్తాడు. దుకాణం గడపలో కావ్య నిలబడి ఉంది. బయట జల్లు. గొడుగైతే ముడిచింది గానీ, ముఖం దానికంటే గట్టిగా ముడుచుకుని ఉంది.

ఆ అమ్మాయి మళ్ళీ ఎప్పుడొస్తుందా అని అతను పది రోజులుగా ఎదురుచూస్తున్న మాట నిజం. వస్తే ఏం మాట్లాడాలో అద్దం ముందు రెండుసార్లు అనుకున్న మాటా నిజం. అనుకున్న వాటిలో ఈ మాటకు జవాబు మాత్రం లేదు.

“జర కూసోండి. మీ తాతను నేను చూడనే లేదు. యాడికెళ్ళి తీసేసిన?”

“రికార్డులకెళ్ళి.” కావ్య పెన్‌డ్రైవ్‌ను బల్ల మీద పెట్టింది. “టక్ టక్ అని ఒక చప్పుడుండాలె గదా? మొత్తం సాఫ్ చేసిండ్రు. గదే మా తాత.”

కరీంనగర్ టవర్ సర్కిల్ వెనక సందులో ఉన్న ఆ దుకాణానికి జనం పాత గొంతులు పట్టుకుని వస్తారు. పెళ్ళి క్యాసెట్లు, పోయిన అవ్వ మాటలున్న క్యాసెట్లు, జైనూర్ నుంచి ఒక సారు తెచ్చిన గోండుల గుస్సాడీ ఆట పాటలు. విద్యాధర్ వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, గీతల చప్పుడూ బుసబుసలూ తీసేసి ఇస్తాడు. ఆ పనిలో అతనికి మంచి పేరుంది. ఆ పేరు వాళ్ళ నాన్న వంశీధర్‌రావు చెవిదాకా మాత్రం పోలేదు. పెద్దపల్లి రోడ్డులో రైస్‌మిల్లు నడిపే ఆ పెద్దమనిషి కొడుక్కి దసరా దాకా గడువిచ్చాడు. తర్వాత దుకాణానికి తాళం, చేతికి మిల్లు తాళాలు.

ఇది చాలదన్నట్టు విద్యాధర్‌కు ఇంకో పిచ్చి ఉంది. ఫ్రీ జాజ్. రాగం, తాళం ముందుగా అనుకోకుండా, పక్కవాడిని వింటూ అప్పటికప్పుడు తోచింది వాయించుకుంటూ పోయే సంగీతం. ఎప్పుడో కొన్ని వందల కాపీలు అచ్చయి మాయమైపోయిన ఆ రికార్డుల కోసం అతను రోజూ ఎక్కడెక్కడి వాళ్ళకో మెయిళ్ళు రాస్తుంటాడు. ఇంట్లో ఒకటి పెడితే చాలు, వంశీధర్‌రావు పేపర్ పక్కన పెట్టి “బేరింగ్ పోయినట్టుంది, చూపియ్యి” అంటాడు.

“మా తాత పేరు సాంబయ్య,” అంది కావ్య. “వయసుల ఉన్నప్పుడు భివండిల పవర్‌లూమ్ నడిపిండు. అప్పుడు ఎవరో దొరలు వచ్చి పాట రికార్డు చేసిండ్రట. అండ్ల తనూ కొట్టిండట. కాపీ ఒకటి ఇచ్చి పోయిండ్రు. సిరిసిల్లకు తెచ్చి పెట్టెల పెట్టుకున్నడు.”

“మరి ఇన్నేండ్లు ఇనలేదా?”

“దేంట్ల ఇంటడు? మాకు మిషిన్ యాడిది? యాభై ఏండ్ల సంది చెప్తనే ఉన్నడు, నేను రికార్డుల కొట్టిన అని. పండుగకు నలుగురు కూడితే చాలు, తాతా మీ రికార్డు కథ చెప్పు అని ఆట పట్టిస్తరు.” ఆమె గొంతు కాస్త తగ్గింది. “మగ్గాల చప్పుడుకు ఎడమ చెవి పోయింది. కుడిది కూడ ఇంకో ఏడాది నడుస్తే గొప్ప అన్నడు డాక్టర్. అందుకే తెచ్చిన మీ దగ్గరికి.”

విద్యాధర్ కుర్చీ ఆమె వైపు జరుపుకున్నాడు.

“మొన్న అందరిని కూసోబెట్టి స్పీకర్ పెట్టిన. చివరిదాక ఇన్నడు. ఇండ్ల నేను లేను బిడ్డా అన్నడు. అంతే, ఒకటే నవ్వుడు అందరు. ఆనాటి సంది చెవి మిషిన్ తీసి పక్కకు పెట్టిండు. మాట్లాడుతలేడు. రికార్డు పెట్టెల పెట్టి తాళమేసిండు. నన్ను గూడ ముట్టనిస్తలేడు.”

మాట్లాడుతూనే ఆమె గొడుగు కొనతో నేల మీద నీటి గీతలు గీస్తోంది. విద్యాధర్ ఫోన్ తీసి ఆ రికార్డు లేబుల్‌కు తాను తీసుకున్న ఫోటో వెతికాడు. పని కోసం తీసిన ఫోటో, మళ్ళీ చూసుకోనేలేదు. సగం చిరిగిన నీలం కాగితం. మధ్యలో నూలు కండె బొమ్మ.

ఆ బొమ్మ అతనికి తెలుసు. గబగబా కంప్యూటర్‌లో తన జాబితా తెరిచాడు. ఆరేళ్ళుగా వెతుకుతున్న రికార్డుల్లో మొదటిది. ‘పవర్ కట్’. భివండి, 1974. మూడు వందల కాపీలు. బొంబాయి హోటళ్ళలో వాయించే లాన్సీ అనే గోవా కుర్రాడిది సాక్సాఫోన్, అతని డెన్మార్క్ మిత్రుడిది బాస్ అనే పెద్ద తీగల వాద్యం. మూడో పేరు దగ్గర అతని వేలు ఆగింది.

అతను రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

“నవ్వుతున్నరా?” కావ్య లేచి నిలబడింది.

“నవ్వాల్నో ఏడ్వాల్నో సమజైతలేదు. ఆరేండ్ల సంది నేను దీనికోసమే తిరుగుతున్న. నా చేతులకొచ్చింది. టక్ టక్ అంటే గీతల చప్పుడనుకొని నేనే సబ్బు పెట్టి కడిగి పంపిన.”

“అంత తెలిసినోళ్ళు అప్పుడెట్ల గుర్తుపట్టలే? గంటసేపు నేను గీ స్టూలు మీదనే కూసున్న. మీరు హెడ్‌ఫోన్లు పెట్టుకునే ఉండిరి.”

“పెట్టుకునే ఉన్న,” అన్నాడు విద్యాధర్, ఎటో చూస్తూ.

“ఇనలే?”

అతను అటు తిరిగి, అల్మారాలోని పెద్ద టర్న్‌టేబుల్ మీది దుమ్ము తుడవసాగాడు. “ఐతారం ఇంటికి వస్త. మిషిన్ తెస్త, స్పీకర్ తెస్త. తాత ముంగట పెడ్త. ఈసారి ఏదీ తియ్య.”

“తాళం తీయడు.”

“కాళ్ళు పట్టుకుంట.”

“ఆయిన మగ్గం సందుల ఇరికి కూసుంటడు. కాళ్ళు దొరకవు,” అంది కావ్య. అంటూనే మొదటిసారి కొంచెం నవ్వింది. ఆ కొంచెం నవ్వుతో విద్యాధర్‌కు ఆదివారం దాకా గడిచిపోయింది.

అయితే స్పీకర్లు బైక్ మీద పోయేవి కావు. నాన్నను మిల్లు వ్యాన్ అడగక తప్పలేదు.

“ఎందుకు?” అన్నాడు వంశీధర్‌రావు.

“ఒక తప్పు చేసిన బాపూ. సరి చేయాలె.”

ఆయన కొడుకు వైపు కాసేపు చూశాడు. “వ్యాన్ నువ్వు నడిపితే ఇంకో తప్పైతది. నేనే వస్త పా.”

సిరిసిల్లలో ఆ వాడకు పోతే మాట అరిచి చెప్పాల్సిందే. ప్రతి ఇంటి కిటికీలోంచీ మగ్గాల మోత. సాంబయ్య ఇంట్లో మాత్రం ఆ రోజు మగ్గం ఆపి ఉంచారు. పక్క గదిలోంచి కొడుకులు, కోడళ్ళు తొంగి చూస్తున్నారు. ముసలాయన మగ్గం పక్కన చెక్కబల్ల మీద కూర్చుని నాడెను చేతిలో తిప్పుతున్నాడు. నున్నగా అరిగిన కర్రముక్క, రెండు కొనలకూ ఇనుప మొనలు. దారం మోసుకుని ఆ చివర నుంచి ఈ చివరకు ఉరికేది అదే.

కావ్య బతిమాలి చెవికి మిషన్ పెట్టించింది. సాంబయ్య విద్యాధర్‌ను పైనుంచి కిందికి చూశాడు.

“నన్ను తీసేసినోనివి నువ్వేనా?”

“నేనే తాతా.”

“ఏఁ?”

“నేనే!” విద్యాధర్ అరవాల్సి వచ్చింది.

“ఇప్పుడేం చేద్దామని వచ్చినవ్? అండ్ల నేను లేను. నాకే యాదిమరుపు అంటున్నరు. గట్లనే అనుకోనియ్యి.”

ఆ మాటకు విద్యాధర్‌కు నిజంగానే కళ్ళు చెమర్చాయి. కంప్యూటర్‌లో ఒక బొత్తాం నొక్కితే ఒక మనిషి మాట ఇంత అబద్ధమైపోతుందని అతను ఎన్నడూ అనుకోలేదు. ఫోన్ తీసి కావ్య చేతికిచ్చాడు. వెతుకులాటలో ఎవరో మెయిల్‌లో పంపగా దాచుకున్న ‘పవర్ కట్’ అట్ట వెనక వైపు ఫోటో అది. కావ్య తాత కుడి చెవి దగ్గరికి వంగి చదివింది.

“లాన్సీ, సాక్సాఫోన్. తర్వాత ఒక దొర పేరున్నది, బాస్. ఆ కింద సాంబయ్య, మగ్గం.”

ముసలాయన నాడె తిప్పడం ఆపాడు.

“మళ్ళ సదువు.”

“సాంబయ్య, మగ్గం.”

“పనోడు అని రాయలేదా?”

“లేదు తాతా. లాన్సీకి సాక్సాఫోన్ అని ఎట్ల రాసిండ్రో, నీకు మగ్గం అని గట్లనే రాసిండ్రు.”

సాంబయ్య నాడెను బల్ల మీద పెట్టాడు. తర్వాత మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పి మనవరాలికిచ్చాడు.

స్పీకర్‌ను విద్యాధర్ చెక్కబల్ల మీదే, ముసలాయన పక్కనే పెట్టాడు. సూది దిగింది. ముందు సాక్సాఫోన్ మూలిగింది, తర్వాత గట్టిగా అరిచింది.

“ఎవలనన్న కొడుతున్నరా?” అంది నానమ్మ కనకవ్వ, పొయ్యి దగ్గర నుంచి.

గుమ్మంలో నిలబడ్డ వంశీధర్‌రావు “బేరింగ్” అనబోయి, ఎందుకో ఆగాడు.

టక్. టక టక్. టక్.

సాంబయ్య అరచేయి బల్ల మీద పరుచుకుంది. చెవి సగమే విన్నా, చెక్క మొత్తం వినిపిస్తోంది. ముప్పై ఏళ్ళు మగ్గం మీద చేయి వేసి ఎక్కడ ఏ మొల వదులైందో చెప్పిన చేయి అది. మెల్లగా వేళ్ళు కదిలాయి, రికార్డుతో పాటు, ఆ తర్వాత రికార్డు కంటే ముందుగా.

“శుక్రారం కరెంటుండకపోతుండె,” అన్నాడు కళ్ళు మూసుకునే. “ఎదురుంగ చాయ్ హోటల్ల ఉండె లాన్సీ. మగ్గాలన్ని ఒక్కసారి ఆగిపోతే బయటికి ఉరికొచ్చిండు. నేను ఊకెనే చేత్తోటి చక్రం తిప్పుకుంట, నాడెతోటి కొట్టుకుంట కూసున్న. ఆపకు అన్నడు. ఏం కొట్టాలె అంటే నీకేం తోస్తే గది అన్నడు. నా బతుకుల నన్ను గట్ల అడిగినోడు గాయినొక్కడే.” చటుక్కున వేలెత్తాడు. “ఇగో, ఇప్పుడు నాడె చేతులకెళ్ళి జారి కింద పడ్తది. లాన్సీ నవ్వుతడు.”

అందరూ స్పీకర్ వైపు తిరిగారు.

రికార్డులో ఏదో ఠంగుమని పడింది. ఆ వెంటనే సాక్సాఫోన్ ఆగి, ఎవరో కుర్రాడు పకపకా నవ్వాడు.

పక్క గదిలోంచి ఎవరూ నవ్వలేదు. పెద్ద కొడుకు వచ్చి తండ్రి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. కనకవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుని, “యాభై ఏండ్లు నేను గూడ నమ్మకపోతిని,” అంది. కావ్య విద్యాధర్ వైపు చూసింది. ఆ చూపులో కోపం వెతికినా దొరకలేదు.

“ఆ నవ్వు గూడ తీసేసినవా నువ్వు?” అంది మెల్లగా.

‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చిందని విద్యాధర్ గమనించాడు. సంతోషించే లోపే సాంబయ్య ఇటు తిరిగాడు.

“పిలగా, ఒక్కటి చెప్పు. గిసొంటి పాటలు ఎరుకున్నోనివి, ఆరేండ్ల సంది దీనికోసం తిరిగినోనివి. నీ ముంగటికొస్తే నన్నెట్ల తీసేసినవ్?”

“ధ్యాస లేకుండె తాతా.”

“ఏఁ?”

“ధ్యాస రికార్డు మీద లేకుండె!”

“మరి దేని మీదుండె?”

విద్యాధర్ ఓరగా అటు చూశాడు. కావ్య చాయ్ గ్లాసులు సర్దుతోంది, అవి ఇదివరకే సర్ది ఉన్నాయి. ఈ ముసలాయనకు మాత్రం అబద్ధం చెప్పకూడదు అనుకున్నాడు. వాడంతా మగ్గాల మోత, ఎవరికి వినిపిస్తుందిలే అన్న ధైర్యం కూడా కాస్త ఉంది. ముసలాయన చెవి దగ్గరికి వంగి, గుండె నిండా గాలి పీల్చుకుని అరిచాడు.

“ఎదురుంగ మీ మనుమరాలు కూసుండె తాతా! నా ధ్యాసంత...”

సరిగ్గా అక్కడ కరెంటు పోయింది.

రికార్డు కుంటుకుంటూ ఆగింది. వాడలోని మగ్గాలన్నీ ఒక్కసారి నిలిచిపోయాయి. నోట్లోకి వచ్చిన మాట మాత్రం ఆగలేదు.

“...కావ్య మీదనే ఉండె!”

వీధి చివరిదాకా వినిపించింది. ఎదురింటి కిటికీలో రెండు తలలు లేచాయి. ఎవరో అక్కడి నుంచే “ఏ కావ్య?” అని అడిగారు.

“ఇప్పుడు మంచిగ ఇనవడ్డది,” అన్నాడు సాంబయ్య, తృప్తిగా.

కనకవ్వ మసిగుడ్డ భుజాన వేసుకుని గుమ్మం వైపు నడిచింది. “అయ్యా, మీ కొడుకు చెప్పింది మీకు ఎరుకేనా?”

వంశీధర్‌రావు కొడుకును చూశాడు, కావ్యను చూశాడు, ఆగిన రికార్డును చూశాడు. “ఇప్పుడే ఎరుకైందమ్మా. ఇంట్ల ఎన్నడు గింత గట్టిగ మాట్లాడలే వీడు. నాకైతే ఏ అభ్యంతరం లేదు. మీ బిడ్డ ఏమంటదో అడుగుండ్రి.” కొడుకు వైపు తిరగకుండానే, “ఇగ ఆ దుకాణం ముచ్చట దసరాకు తియ్యనులే,” అన్నాడు.

అందరూ కావ్య వైపు తిరిగారు. గ్లాసుల పళ్ళెం గుండెకు పొదువుకుని ఆమె నాలుగడుగులు వేసి విద్యాధర్ పక్కకు వచ్చింది. కళ్ళెత్తి, పెదవులు కదిపింది.

అంతలో కరెంటు వచ్చింది. వాడంతా మగ్గాలు ఒక్కసారి దడదడలాడాయి. టర్న్‌టేబుల్ తిరిగింది, సాక్సాఫోన్ బొంగురుగా మొదలై గొంతు అందుకుంది, దాని వెనకే సాంబయ్య.

“ఏందీ? ఇనవడలే,” అరిచాడు విద్యాధర్.

కావ్య నవ్వింది. అతని చెవి దగ్గరికి వచ్చింది.

“మళ్ళ కరెంటు పోయినప్పుడు చెప్తా,” అని, ఆ చాయ్ గ్లాసుల్లో మొదటిది అతని చేతిలోనే పెట్టింది.