ఇసుక మీద ఇల్లు

సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి జనగామలో బస్సులు లేవు, సరోజన కొడుకు నిరంజన్ పాఠాలు చెప్పే బడీ లేదు. పాలవాడు మాత్రం ఎప్పటిలాగే తెల్లవారుతూనే వచ్చాడు. సరోజన పాలు పోయించుకుని లోపలికి వచ్చేసరికి, అలమారలో తన కళ్లద్దాల పక్కన ఒక తాళంచెవి కనిపించింది. అది కోడలిది.

"గిదేంది రజితా, తాళంచెవి ఈడ పెట్టినవ్?"

ఏడో నెల కడుపుతో రజిత మంచం మీద కూర్చుని సంచి సర్దుకుంటోంది. తలెత్తలేదు.

"నాకింక దాంతోని పనిలేదు అత్తమ్మా. పురుటికి పోతున్న. మల్ల ఈ ఇంటికి రాను."

సరోజన పాలగిన్నె కింద పెట్టింది. పోయేవాళ్ల వీపులు చూడటంతోనే ఆమె బతుకంతా గడిచింది. పనికని భూపాలపల్లి పోయిన భర్త జ్వరంతో అక్కడే కన్నుమూశాడు. పెళ్లయి భీవండి వెళ్లిన పెద్దబిడ్డ కాన్పులో పోయింది. కడసారి చూపు కూడా దక్కలేదు. ఆ దుఃఖంలోనే, హాస్టల్లో వంట చేస్తూ, పిల్లల వాచకాలు చూసి తనంతట తానే అక్షరాలు నేర్చుకుంది. కూడబలుక్కుని మొట్టమొదట చదివింది బైబిల్లో ప్రభువు వాక్యమే.

మిగిలిన ఒక్క కొడుకూ చర్చిలో కాకుండా, హిందువుల పిల్లను రిజిస్టర్ పెళ్లి చేసుకుని తీసుకొచ్చాడు. ఆ రోజే సరోజన గడపలో నిలబడి వాక్యంలోని మాట అన్నది: "ఇసుక మీద కట్టిన ఇల్లిది. వాన రానియ్యి, తెలుస్తది." ఆ తర్వాత కూర మాడినా అదే మాట, కొడుక్కి దగ్గొచ్చినా అదే మాట. రజితకు మొదటి కడుపు నిలవనప్పుడు, దవాఖానలో, ఆ పిల్ల మంచం పక్కనే నిలబడి కూడా అదే మాట.

"అమ్మా, నువ్వు ఇంట్లనే ఉండు. నేను దించొస్త," అన్నాడు నిరంజన్.

"నేను వస్త. నన్ను ఇడిసిపెట్టి పోదామనే గదా మీ ఇద్దరి ఆలోచన!"

ఎవరూ చూడకుండా తాళంచెవిని కొంగున ముడేసుకుని, అద్దెకు తెచ్చిన కారులో ముందుసీటులో కూర్చుంది.

దారిలో ఏ ఊరు చూసినా గులాబీ జెండాలే, డప్పులే. రజిత తల్లిగారి ఊరికి పోయే పరకాల రోడ్డు బందని డ్రైవర్ ములుగు మీదుగా తిప్పాడు. చివరికి నిరంజనే నోరు తెరిచాడు.

"జర ఆలోచించు రజితా. అమ్మను ఒక్కదాన్ని వదిలి వేరుండుడు ఎట్ల?"

"రోజూ పొద్దుగాల లేచి రాష్ట్రం వేరు కావాలని ఒర్లుతవు గదా సారూ! నేను వేరుంట అంటె మాత్రం తప్పయిందా?"

డ్రైవర్‌ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. సరోజనకు ఒళ్లు మండింది.

"నేను మొదలే చెప్పిన. ఇసుక మీద..."

"బండి ఆపన్నా!" రజిత అరిచింది. "ఇంకొక్కసారి ఆ మాట అంటె దిగి నడిచిపోత!"

బండి అప్పటికే ఆగుతోంది. పాలంపేట దగ్గర రోడ్డు మధ్యన సమ్మెవాళ్లు పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. జెండా భుజాన వేసుకున్న ఒకాయన వెనక సీటులోకి తొంగిచూసి నొచ్చుకున్నాడు.

"కడుపుతోనున్న చెల్లెను ఆపుతమా? పోనిస్తుంటిమి. కానీ ముందట చెట్లు కొట్టి అడ్డమేసిన్రు. పొద్దుగూకితె గాని తియ్యరు. రామప్ప గుడి కాడ చల్లగుంటది, కూసోన్రి. అన్నం పంపిస్తం."

గుడి అనగానే సరోజన ముఖం మాడ్చుకుంది. ఆవరణలోకి వచ్చింది గానీ మెట్లు ఎక్కలేదు. ఎదురుగా ఒక రాతిబండ మీద కూర్చుంది. నిరంజన్ నీళ్లకోసం వెళ్లాడు. రజిత మెట్టు మెట్టుకూ ఆగుతూ పైకెక్కి, నల్లరాతి స్తంభాల మధ్య నిలబడి దండం పెట్టుకుంది.

"రాళ్లకు మొక్కితె కాన్పు సుళువైతదా?" సరోజన కింది నుంచే అన్నది.

రజిత చటుక్కున తిరిగింది.

"చిన్నప్పుడు మా బాపు నన్ను ఈడికి తోలుకొచ్చి ఏం చెప్పిండో ఎరుకేనా అత్తమ్మా? ఈ గుడి ఇసుక మీదనే కట్టిన్రు. గుంట తవ్వి, ఇసుక కూరి, దాని మీద ఇంత బరువు నిలబెట్టిన్రు. ఎప్పుడో భూమి కదిలితె బండలు కుంగినయి గాని గుడి పడలె. ఎన్ని వందల ఏండ్లాయెనో!"

"వాక్యాన్ని ఎక్కిరిస్తున్నవా?"

"నీ వాక్యం జోలికి నేను పోలె. ఇసుక తప్పేం లేదంటున్న. జారిపోకుంట చుట్టూ పట్టుకునేటోళ్లు ఉండాలె. మన ఇంట్ల పట్టుకునేటోళ్లు ఎవరున్నరు? తవ్వేటోళ్లు తప్ప!" ఆమె మెట్ల వైపు ఒక అడుగు వేసింది. "నా కడుపుల బిడ్డ పోయిన్నాడు గూడ తవ్వినవ్."

అంతలో ఆకాశం నల్లబడి వాన దబదబా కురిసింది. ఆవరణలో వాళ్లంతా మంటపంలోకి పరుగెత్తారు. సరోజన మాత్రం కొంగు తల మీద కప్పుకుని మొండిగా అక్కడే కూర్చుంది.

"అత్తమ్మా, లే! జ్వరం తెచ్చుకుంటవా ఏంది?" రజిత మెట్ల అంచుకు వచ్చి నిలబడి ఉంది. ముఖంలో కోపం అట్లాగే ఉంది. చెయ్యి మాత్రం ముందుకు చాచింది. "బండలు ఎగుడుదిగుడున్నయి. చూసి అడుగెయ్యి. నన్ను పట్టుకో."

సరోజన లేచి మెట్లెక్కి ఆ చెయ్యి పట్టుకుంది. మంటపంలో నేల ఒకచోట కుంగి, ఒకచోట ఉబ్బి ఉంది. కడుపు బరువుతో తానే ఆయాసపడుతూ కోడలు ఆమెను గోడ పక్కన రాతి అరుగు మీద కూర్చోబెట్టి, తన చున్నీతో ఆమె తల తుడిచింది. ఒక్క మంచి మాట అనలేదు. తుడిచింది.

బయట వాన గుడిని కొడుతూనే ఉంది. గాలి విసురుతోంది. సరోజన పెదవులు అలవాటుగా వాక్యాన్ని వల్లించబోయాయి. వాన కురిసింది, వరద వచ్చింది, గాలి కొట్టింది... అక్కడ ఆగిపోయాయి. దానికి ముందు ఏముంది? ఇల్లు ఎందుకు పడిందని చెప్పాడు ప్రభువు? ఇళ్లు కట్టుకున్న ఇద్దరూ ఆయన మాట విన్నవాళ్లే. ఒకడు విని చేశాడు. ఇంకొకడు విని ఊరుకున్నాడు. ఇసుక మీద కట్టుకున్నవాడు వాడే.

ఇన్నేళ్లూ వింటున్నది తాను. ఆయన మాట ఎన్నడూ వినని పిల్ల ఈ పూట చేసి చూపింది.

"రజితా," అన్నది. "ఆ వాక్యం నేను నీకు సగమే చెప్పిన బిడ్డా."

"మిగిలిన సగం ఏంది?"

"విని చెయ్యనోడి ఇల్లే ఇసుక మీది ఇల్లు. అది నీ ఇల్లు గాదు, నాది. నా పెద్దబిడ్డ కాన్పుల పోయింది. నీ కడుపు చూస్తె భయమైతది. ఆ భయం నోట్లె నుంచి తిట్టయి ఎల్లుతది. దవాఖానల అన్న మాటకు ప్రభువు నన్ను లెక్క అడుగుతడు. అంతకుముందు నువ్వు అడుగు."

రజిత చున్నీని పిండుకుంది. నీళ్ల సీసాతో తడిసి ముద్దయి వచ్చిన నిరంజన్, ఇద్దరి ముఖాలూ చూసి స్తంభం పక్కనే నిలబడిపోయాడు.

సరోజన కొంగు ముడి విప్పి తాళంచెవి చేతిలో పట్టుకుంది.

"రమ్మని అడగను. ఆ హక్కు పోగొట్టుకున్న. ఇది మాత్రం నీ కాడ ఉండనియ్యి. లేకుంటె తలుపు మూసినట్టే ఉంటది నాకు."

"వస్తె ఊకె రాను. ఇంకొక్కసారి ఆ మాట వినపడితె, బిడ్డను ఎత్తుకుని ఆ క్షణమే పోత."

"పో. నేనే కారు మాట్లాడిస్త."

రజితకు నవ్వొచ్చి, ఆ వెంటనే ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని, తడిసిన చున్నీ కొస అత్త ఒడిలో పెట్టింది.

"గట్టిగ ముడెయ్యి అత్తమ్మా. జారిపోతది."

కళ్లలో నీళ్లు నిండి ఆ చున్నీ కొస ఎక్కడుందో కనిపించడం లేదు. సరోజన వేళ్లతో తడుముకుంటూ, తాళంచెవిని అందులో పెట్టి ముడి వేసింది. చాలదనిపించి దాని మీద మరొకటి వేసింది.