ఎడమ తలుపు

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని పెద్దాయన షెడ్డులోకి వెళ్లాడు. అక్కడ ఆయన పాత కారు బానెట్ నోరు తెరుచుకుని నెలల తరబడి అలాగే పడి ఉంది. దాని మీద దుమ్ము తుడిచి, ఓ చుట్టు తిరిగి, తలుపు ఒకసారి తెరిచి వేసి ఆ చప్పుడు వింటే గాని ఆయనకి తెల్లవారదు.

"దాని బాగోగులు కనుక్కోవడం అయితే, నా మొహం కూడా ఓసారి చూడండి," అంది భార్య వంటింట్లోంచి.

ఆ కారు పుట్టిన ఫ్యాక్టరీలోనే ఆయన, తమ్ముడు పక్కపక్కన నిలబడి తలుపులు బిగించారు. ఊళ్లో అందరూ ఆయన్ని తలుపులాయన అనేవారు. తలుపు అడుగు అంచున నీళ్లు దిగకుండా పూసిన ముద్ద ఇంకా మెత్తగా ఉండగానే అన్నదమ్ములిద్దరూ బొటనవేళ్లు పక్కపక్కన నొక్కేవారు. తర్వాత దాని మీద రబ్బరు వచ్చి కప్పేసేది. కొన్నవాడికి తెలియదు, అమ్మినవాడికి తెలియదు. సూపర్‌వైజరుకి తెలిసినా చూసీ చూడనట్టు పోయేవాడు.

బయటి దేశాల కార్ల పోటీకి ఆ ఫ్యాక్టరీ మూతపడింది. సముద్రం అవతలి కంపెనీ ఒకటి అవే షెడ్లు కొని, రంగులేసి, బోర్డు మార్చింది. తమ్ముడు అదే గేటులోంచి లోపలికి వెళ్లి అదే తలుపుల పనిలో చేరాడు. ఆ రోజు నుంచి అన్న అతనితో మాట మానేశాడు. నాలుగు వీధుల అవతలే ఇల్లు. ఎదురుపడితే రోడ్డు దాటి పోయేవాడు. అంత పంతం ఏమిటో ఆ మనిషికి!

కూతురు చేతిలో ఫోనుతో షెడ్డు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"నాన్నా, ఆసుపత్రి నుంచి పిన్ని ఫోన్ చేసింది. బాబాయికి ఊపిరి అందడం లేదట. చూడాల్సినవాళ్లని వెంటనే రమ్మనండి అన్నాడట డాక్టరు."

గ్లాసులో కాఫీ తొణికి ఆయన చేతి మీద పడింది. అది వేడిగా ఉందన్న సంగతి కూడా ఆయనకి తెలియలేదు.

"మన బండి తీస్తాను," అన్నాడు.

"ఏ బండి? దాని గేరు పార్టు వచ్చిందా?"

"ఇవాళో రేపో వస్తుందన్నాడు మెకానిక్."

"ఎక్కడినుంచి వస్తోంది?"

ఆయన చేతి మీది కాఫీ తుడుచుకున్నాడు. అది ఓడలో వస్తోంది.

"నా కారులో వెళదాం పద."

కూతురి కొత్త కారు గేటు బయటే ఉంది. దాని ముక్కు మీద ఆ పరాయి కంపెనీ గుర్తు ఉందని ఆయన దాన్ని వాకిట్లోకి రానివ్వలేదు.

"అది నేనెక్కను. బస్సులో వస్తాను."

"రెండు బస్సులు మారాలి నాన్నా! అందాకా బాబాయి ఆగుతాడా?"

"నా కంచం లాగేసుకున్నవాడి కారు అది. చచ్చినా ఎక్కను."

కూతురికి ఒళ్లు మండిపోయింది. "ఏది మన కారు, ఏది పరాయిది? నీ కారు ఇంజను పెట్టెల్లో ఓడ దిగి రాలేదూ? ఆ పెట్టెల చెక్కతోనే నువ్వు పడుకునే మంచం చేయించావు. దాని అడుగున పరాయి అక్షరాలు ఇంకా ఉన్నాయి."

"ఇంజను బయటిదే. కలిపింది మేం."

"మరి దీన్ని కలిపిందెవరు? అదే షెడ్డు, అదే గేటు, మన వీధివాళ్లే. బాబాయే!"

"లాభం ఎక్కడికి పోతోందో అది అడుగు!"

"అది నాకు తెలీదు. జీతం మాత్రం నాలుగు వీధుల అవతలికే వచ్చింది. దాంతోనే పిన్ని ఇల్లు నడిపింది."

భార్య శాలువా కప్పుకుని, ఇద్దరినీ దాటుకుంటూ వెళ్లి కారులో వెనక, ఎడమ వైపు కూర్చుంది. "మీరు వాదనలో గెలిచేలోపు అక్కడ ఆయన పోతాడండీ," అంటూ తలుపు లాగింది.

తలుపు సరిగ్గా పడలేదు. శాలువా కొస అందులో చిక్కుకుంది. ఆ చప్పుడుకి పెద్దాయన ప్రాణం చివుక్కుమంది. అంత కోపంలోనూ కాళ్లు వాటంతటవే అటు నడిచాయి. మోకాళ్ల మీద కూర్చుని శాలువా విడిపించాడు. దాంతో పాటు ఊడి అడుగు అంచున వేలాడుతున్న రబ్బరుని సరిచేయబోతూ ఆగిపోయాడు.

రబ్బరు కింద గట్టిపడిన ముద్దలో ఒక బొటనవేలి ముద్ర ఉంది. దాని మధ్యలో నిలువునా ఒక గీత. కుర్రతనంలో రేకు కోసుకుని తమ్ముడి వేలు రెండుగా చీలిన నాటి మచ్చ అది. ఆ రోజు ఆ వేలిని తన చొక్కా చింపి కట్టింది ఈయనే.

ఆ ముద్ర పక్కన ఒక వేలి మందాన ఖాళీ జాగా ఉంది. శ్రద్ధగా, నున్నగా చదును చేసి ఉంది.

"ఈ కారు తీసుకోమన్నది బాబాయే," అంది కూతురు మెల్లగా. "తలుపులు తనే బిగించాడట. నీకు చెప్పొద్దన్నాడు. చూస్తే నీకే తెలుస్తుందన్నాడు."

పెద్దాయన తన వేలు ఆ ఖాళీలో పెట్టి నొక్కాడు. బలమంతా పెట్టి మళ్లీ నొక్కాడు. ముద్ద ఎప్పుడో ఎండిపోయింది, ముద్ర పడలేదు. రబ్బరు జాగ్రత్తగా నొక్కి పెట్టి, భార్య పక్కన ఎక్కి కూర్చున్నాడు.

ఆసుపత్రి మంచం మీద తమ్ముడు ఎముకల గూడులా ఉన్నాడు. మరదలు లేచి కుర్చీ ఇచ్చింది. అన్నని చూసి తమ్ముడు ముఖం మీది మాస్కు పక్కకి జరుపుకున్నాడు.

"దేంట్లో వచ్చావు?"

"అమ్మాయి కారులో."

"తలుపు... సరిగ్గా పడుతోందా?"

"పడుతోందిరా. బ్రహ్మాండంగా పడుతోంది." పెద్దాయన మంచం మీదికి వంగాడు. "నా చోటు ఎందుకురా ఖాళీగా వదిలావు?"

"ఒక్కదానికే కాదు, అన్నింటికీ వదిలాను. ఎప్పుడైనా వస్తావేమోనని."

పెద్దాయన ఏడ్చేశాడు. కూతురు చూస్తోందని గాని, నర్సు చూస్తోందని గాని సిగ్గుపడలేదు. ఆ చీలిన బొటనవేలిని వెతికి పట్టుకుని, దాని పక్కన తన వేలు ఆనించి అలాగే కూర్చుండిపోయాడు. ఇన్నేళ్లుగా ఎన్ని తలుపులు అలా సగం ముద్రతో ఎక్కడెక్కడికో వెళ్లిపోయాయో! వాటన్నిటికీ ఇప్పుడు ఎక్కడని పోయి క్షమాపణ చెప్పుకుంటాడు?

సాయంత్రానికి ఆ వేలు చల్లబడింది.

మరదలు ఆసుపత్రి మెట్ల మీదికి వచ్చి, ఎటు వెళ్లాలో తెలియనట్టు నిలబడిపోయింది. కూతురు కారు తెచ్చి ఆపింది. దాన్ని చూసి మరదలు వెనక్కి తగ్గింది. బావగారికి ఆ గుర్తంటే ఎంత మంటో ఆమెకి తెలుసు.

పెద్దాయన ముందుకు నడిచి ఎడమ తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"ఎక్కమ్మా," అన్నాడు. "మన కారే."

ఆమె కూర్చున్నాక చీర చెంగు లోపలికి సర్ది, తలుపు మెల్లగా వేశాడు.